చలికాలంలో పెట్రోలు ఎక్కడికి పోతోంది? ఎనిమిదేళ్ళ వాడకం తర్వాత

2017 నవంబరులో కొన్న 1.2 లీటర్ల పెట్రోలు కారు ఇది. మాన్యువల్ గేర్లు. అమలాపురానికి దగ్గరలో కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఊరు మాది. ఇప్పటికి 91 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఏ పెట్రోలు కారుకైనా వర్తిస్తుంది. సీట్లు, స్టీరింగు, డిక్కీ గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. బండి బాగుంది, కొన్నందుకు సంతోషంగానే ఉన్నాను. నేను రాయదలచుకున్నది ఒక్క సంగతి: ధనుర్మాసం వచ్చేసరికి మైలేజీ ఎందుకు పడిపోతుంది?

కొన్న రోజు నుంచీ ట్యాంకు నిండా కొట్టించిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు నోటుపుస్తకంలో రాస్తున్నాను. రెండు శీతాకాలాలు గడిచేసరికి ఒక విచిత్రం బయటపడింది. ఊళ్ళో తిరుగుళ్ళకు వర్షాకాలంలో లీటరుకు 13.3 కిలోమీటర్లు వచ్చేది, డిసెంబరు, జనవరి నెలల్లో 12.4కి దిగింది. అదే నెలల్లో రాజమండ్రి వెళ్ళివస్తే మాత్రం 19 దాటింది. మే నెలలో ఏసీ వేసుకుని వెళ్ళినప్పటి కంటే అది ఒక కిలోమీటరు ఎక్కువే. కారు ఒకటే, చలీ ఒకటే. అయినా పొదుపు ఒక చోట, నష్టం ఇంకో చోట.

మా కోనసీమ చలి ఎంతని? తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు. మంచు దేశాల వాళ్ళకు అది చలే కాదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల దగ్గర ఇచ్చే మైలేజీతో పోలిస్తే, మైనస్ 7 డిగ్రీల దగ్గర పట్టణంలో తిరిగే మామూలు పెట్రోలు కారు సుమారు 15 శాతం తక్కువ ఇస్తుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలైతే ఆ నష్టం 24 శాతం దాకా పోవచ్చు. షికాగోలో ఉంటున్న మా మేనల్లుడితో ఈ మాటే అంటే, "మామయ్యా, ఇక్కడ ఇంజను వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది" అన్నాడు. నా పుస్తకంలోని అంకెలకు అర్థం ఆ మాటలోనే దొరికింది.

మా అమ్మాయి బడి మూడున్నర కిలోమీటర్లు. జనవరిలో ఉదయం ఏడున్నరకు బయలుదేరతాం. అద్దం మీద మంచు నీళ్ళు కారుతుంటాయి, తాళం తిప్పగానే ఇంజను 1400 ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తిరుగుతుంది, డ్యాష్‌బోర్డు మీద నీలం దీపం వెలుగుతుంది. ఇంజనులో నీళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయని దాని అర్థం. మొదటి కిలోమీటరులో స్క్రీను మీద కనిపించే మైలేజీ 7, మహా అయితే 8. ముగ్గుల మధ్య నుంచి, గొబ్బెమ్మలు తొక్కకుండా, నెమ్మదిగా ఊరు దాటుతాం. బడి గేటు కనిపించే మలుపులో నీలం దీపం ఆరిపోతుంది. అంటే ఇంజను కాస్త వెచ్చబడేసరికి మా పని అయిపోతుంది. అదే రోడ్డు మీద అదే వేగంతో తిరిగి వస్తుంటే స్క్రీను 16 చూపిస్తుంది.

ఆ మొదటి మూడు కిలోమీటర్లలో జరిగేది ఇది. చల్లటి లోహానికి తగిలిన పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. ఆవిరి కానిది సరిగా మండదు. అందుకని ఇంజనును నడిపే కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోలు చిమ్మిస్తుంది, వేడెక్కేదాకా ఆ ధారాళం ఆపదు. ఇంజను ఆయిలు, గేర్‌బాక్సు ఆయిలు రెండూ చిక్కగా ఉంటాయి, వాటిని చిలకడానికే కొంత శక్తి పోతుంది. 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు చేరడానికి పట్టే సమయం కంటే 17 నుంచి చేరడానికి పట్టేది ఎక్కువ. చిన్న ప్రయాణానికి అదే పెద్ద దెబ్బ. రాజమండ్రి దూరానికి అది లెక్కలోకే రాదు, పైగా ఏసీ అక్కర్లేదు కనుక లాభమే.

ఇది తెలియక మొదటి ఏడాది చాలామంది చెప్పినట్టే చేశాను, పది నిమిషాలు ఇంటి ముందు ఇంజను ఆన్ చేసి వదిలేసేవాణ్ని. ఇంత ఇంజను ఊరికే తిరిగినా గంటకు అర లీటరుకు పైనే తాగుతుంది. రోజూ పది నిమిషాలంటే నెలకు రెండు లీటర్లకు తక్కువ కాదు. పైగా నిలబడి ఉన్న ఇంజను నిదానంగా వేడెక్కుతుంది. అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఇంజనును అరిపించకుండా నడపడమే మేలని నా అనుభవం.

అసలు కష్టం 2019లో వచ్చింది. ఆ మే నెలలో సిద్ధాంతం అనే ఊరి దగ్గరి గోదావరి వంతెన మీద వాహనాలు ఆగిపోయి, ఇంజను నీళ్ళను చల్లార్చే రేడియేటర్ ఫ్యాను పనిచేయక ఇంజను వేడెక్కిపోయింది. బాగుచేయించి తెచ్చుకున్నాను. ఎండాకాలం, వానాకాలం ఏ తేడా తెలియలేదు. డిసెంబరు వచ్చేసరికి ఊళ్ళో మైలేజీ 11.2, రాజమండ్రి దారిలో 16.8. నీలం దీపం బడి గేటు దగ్గర కాదు, తొమ్మిది కిలోమీటర్లు పోయినా ఆరలేదు. కారు కంప్యూటర్‌లోని అంకెలను చదివే ఓబీడీ పరికరం తగిలించి చూస్తే రావులపాలెం దాటి హైవే మీద గంటకు 80 వేగంలో కూడా కూలెంట్ (ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళు) వేడి 62 డిగ్రీలే. ఉండవలసింది 88, 90.

సంక్రాంతి తర్వాత వేరే మెకానిక్ దగ్గర విప్పిస్తే థర్మోస్టాట్ వాల్వు ఉండవలసిన చోట ఖాళీ! ఫ్యాను మార్చినవాళ్ళు నాకు ఒక్క మాటైనా చెప్పకుండా దాన్ని తీసి పారేశారు. "మన ఎండలకు ఇది అక్కర్లేదు, తీసేస్తే బండి ఎప్పటికీ వేడెక్కదు" అనే నమ్మకం మన దగ్గర చాలా షెడ్లలో ఉంది. అది ఎంత తప్పో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. ఇంజను వేడెక్కేవరకు నీళ్ళను రేడియేటర్ వైపు పోనీయకుండా ఆపేది ఆ వాల్వే. అది లేకపోతే చల్లటి ఇంజను చుట్టూ చల్లటి నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఇంజను చల్లగానే ఉందని సెన్సర్ చెబుతూ ఉంటుంది, కంప్యూటర్ పెట్రోలు అదనంగా పోస్తూనే ఉంటుంది.

కొత్త వాల్వును బిగించే ముందు ఇంటికి తెచ్చి పాత గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి, స్టవ్ మీద పెట్టాను. థర్మామీటరు మా కాలేజీ ల్యాబ్‌లోది. 70 దగ్గర కదలలేదు. 75 దగ్గర కూడా లేదు. దాని అంచు మీద 82 అని చెక్కి ఉంది. ఆ అంకె దాటగానే లోపలి మైనం కరిగి ఉబ్బి, రాగి బిళ్ళ మెల్లగా కిందికి జరిగి గోరు పట్టేంత సందు ఇచ్చింది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసింది. బిగించిన వారానికే రాజమండ్రి దారిలో మళ్ళీ 19 వచ్చింది.

ఆయిలు విషయంలోనూ ఒకసారి ఇలాగే జరిగింది. కారుతో ఇచ్చిన పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని ఉంటే, సర్వీసులో 20డబ్ల్యూ-50 పోశారు. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చిన్నదైనకొద్దీ చలిలో ఆయిలు సులువుగా పారుతుంది. ఆ జనవరి ఉదయాల్లో స్టార్టర్ మూలిగిన చప్పుడు ఇంకా గుర్తుంది.

టైర్లలో గాలి కూడా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం 33 పాయింట్లు పట్టించి వదిలేస్తే, జనవరి తెల్లవారుజామున అది 30కి దగ్గరపడుతుంది. బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మంచు పట్టిన రోజు అద్దం లోపల ఆవిరి కమ్మితే ఏసీ వేయక తప్పదు, తేమను లాగేది అదే. సార్వా కోతలప్పుడు రోడ్డు సగం దాకా ధాన్యం ఆరబోసి ఉంటుంది, కిలోమీటర్ల కొద్దీ రెండో గేరులోనే పోవాలి. కళ్ళం లేని రైతుకు రోడ్డే కళ్ళం. ఆ పెట్రోలును నేను చలి ఖాతాలో రాయను. కొండల్లోని లంబసింగి వెళ్ళివచ్చి చలికి మైలేజీ పోయిందనేవాళ్ళు ఆ ఘాటు రోడ్డు ఎత్తును మరిచిపోతున్నారు.

ఈ మధ్య అంకెలను పాత వాటితో నేరుగా పోల్చడం లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అందుకే ఏ ఏడాది చలిని ఆ ఏడాది వానాకాలంతోనే పోలుస్తున్నాను.

ఇప్పుడు బడికి దింపి అటే కూరగాయల మార్కెట్టుకు, బ్యాంకుకు, మందుల దుకాణానికి వెళ్ళి ఇల్లు చేరుతున్నాను. ఒకసారి వేడెక్కిన ఇంజనుతో నాలుగు పనులు. మొన్నటి శీతాకాలంలో ఊళ్ళో మైలేజీ 13.1 వచ్చింది.

పాత కారు కొనబోయేవాళ్ళకు ఒక మాట. ఉదయం పూట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి మీరే తాళం తిప్పండి. నీలం దీపం ఎన్ని కిలోమీటర్లకు ఆరుతుందో చూడండి. ఆరేడు కిలోమీటర్లు దాటినా వెలుగుతూనే ఉంటే, బేరం అక్కడే ఆపి, థర్మోస్టాట్ వాల్వు లోపల ఉందో లేదో విప్పి చూపించమనండి.