డి అండ్ డి బియాండ్: షీటు మనది, అందులోని అంకెలు వాళ్లవి

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. అది ఆడేవాళ్లలో డి అండ్ డి బియాండ్ తెలియనివాళ్లు తక్కువ. క్యారెక్టర్ తయారీ, ఆ పాత్ర వివరాలుండే షీటు, పాచికలు, రూల్‌బుక్కులు, రాక్షసుల జాబితా, క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే ఒకే కథ) పేజీ అన్నీ ఒకేచోట దొరికే వెబ్‌సైటు, యాప్. 2017లో కర్స్ సంస్థ దీన్ని మొదలుపెట్టింది. తర్వాత ఫ్యాండమ్ చేతికి వెళ్లింది. 2022లో హాస్‌బ్రో 14.63 కోట్ల డాలర్లకు కొని, ఆటను ప్రచురించే తన సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్‌కి అప్పగించింది. ఆట, ఆడే పనిముట్టు ఒకే ఇంట్లోకి చేరాక మార్పులు వేగంగా వచ్చాయి. మార్పుకో గొడవ కూడా వచ్చింది. ఏ గొడవకి కంపెనీ వెనక్కి తగ్గింది, దేనికి తగ్గలేదు అన్నది చూస్తే, ఇప్పుడు డబ్బులు పెట్టాలా వద్దా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ముందు మంచి సంగతి. షీటుగా దీన్ని మించింది లేదు. కొత్తగా చేరిన ప్లేయర్ క్లాస్ (పాత్ర వృత్తి), స్పీసీస్ (జాతి), బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకుంటూ పోతే ఏసీ (దెబ్బ నుంచి కాచే అంకె), సేవింగ్ త్రోలు (ఆపద తప్పించుకోవడానికి వేసే పాచిక), స్పెల్ స్లాట్లు (ఎన్ని మంత్రాలు వేయొచ్చన్న లెక్క) అన్నీ అదే లెక్కకడుతుంది. లెవెల్ పెరిగినప్పుడు ఏది మర్చిపోయారో అదే అడుగుతుంది. ఆట నడిపే డీఎం (డంజన్ మాస్టర్)కి ఇది పెద్ద ఊరట. మొదటి గంట మొత్తం 'నీ ప్రొఫిషియెన్సీ బోనస్ ఎంత' అని అడగడంతో గడవదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. కాగితం షీటులో మీరు రాసుకున్నదే ఉంటుంది. ఇక్కడ షీటుకి గుర్తుండేది 'ఈ క్లెరిక్ (పూజారి) దగ్గర గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ స్పెల్ ఉంది' అన్నంతవరకే. అది ఎన్ని పాచికలు వేయాలో వాళ్ల లైబ్రరీ చెబుతుంది. పుస్తకంలో తప్పు దిద్దినప్పుడు మీరు వేలు కదపకుండానే షీటు సరిపోయేది ఇందువల్లే. లైబ్రరీలో ఆ పేరు కింద ఇంకో స్పెల్ పెడితే, క్యాంపెయిన్ నడుమ మీ పాత్ర మారిపోయేదీ ఇందువల్లే.

2024 ఆగస్టులో జరగబోయింది ఈ రెండోదే. కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ సెప్టెంబరు 17న రావాలి. దానికి ముందు కంపెనీ చెప్పిందేమిటంటే: పాత పాత్రల క్లాస్, సబ్‌క్లాస్ అలాగే ఉంటాయి. స్పెల్స్, మ్యాజిక్ ఐటెమ్స్‌లో మాత్రం కొత్త పుస్తకంలో అదే పేరుతో ఉన్నవాటికి షీట్లలో కొత్త వెర్షన్ వచ్చేస్తుంది. పాతవి కావాలంటే హోమ్‌బ్రూగా, అంటే మీరే సొంతంగా, తయారుచేసుకోండి.

బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. బల్ల దగ్గర ఏమవుతుందో చూడండి. పాత రూల్స్‌లో స్పిరిచువల్ వెపన్ అనే స్పెల్‌కి కాన్సన్‌ట్రేషన్ (ఒకసారికి ఒక్క స్పెల్ మీదే నిలపగలిగే ధ్యాస) అక్కర్లేదు. అందుకే క్లెరిక్‌లు దాన్నీ, స్పిరిట్ గార్డియన్స్‌నీ ఒకేసారి నడిపేవారు. ఆ జోడీ మీదే పాత్రను అల్లుకున్నవాళ్లు బోలెడుమంది. కొత్త రూల్స్‌లో దానికీ కాన్సన్‌ట్రేషన్ కావాలి, జోడీ పోయింది. పాత కౌంటర్‌స్పెల్ మూడో లెవెల్ లేదా అంతకన్నా తక్కువ స్పెల్‌ని తిరుగు లేకుండా ఆపేది. కొత్తదానిలో ఎదుటివాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేస్తాడు, గెలిస్తే అతని స్పెల్ ఆగదు. ఓడినా స్లాట్ మాత్రం మిగులుతుంది. ఇన్‌ఫ్లిక్ట్ వూండ్స్ 3డి10 (పది ముఖాల పాచికలు మూడు) దెబ్బ నుంచి 2డి10కి దిగింది, పైగా అటాక్ రోల్ పోయి సేవ్ వచ్చింది. కంజ్యూర్ యానిమల్స్‌తో డ్రూయిడ్ ఎనిమిది తోడేళ్లను దింపి బల్లంతా నింపడం ఇక కుదరదు. ఒక్క ఆత్మల గుంపు తిరుగుతుంది, దగ్గరికి వచ్చినవాళ్లకు దెబ్బ తగులుతుంది. మరోపక్క క్యూర్ వూండ్స్ 1డి8 నుంచి 2డి8కి, హీలింగ్ వర్డ్ 1డి4 నుంచి 2డి4కి పెరిగాయి. కొత్తవి చాలావరకు మెరుగైన రూల్సే. ఎనిమిది తోడేళ్ల వంతు అయ్యేసరికి టీ చల్లారిపోయే బల్లల మీద ఆ మార్పు రావాల్సిందే. కానీ ఎప్పుడు మార్చుకోవాలో డీఎం, ప్లేయర్లు కలిసి నిర్ణయించుకోవాలి. ఆదివారం రాత్రి సెషన్‌కి లాగిన్ అయితే తెలిసే సంగతి కాదది.

హోమ్‌బ్రూ చేసుకోమన్న సలహాతో కోపం రెట్టింపయింది. ఆ పని చేసినవాళ్లకు తెలుసు. హోమ్‌బ్రూ విభాగంలో కొత్త స్పెల్ తెరిచి, ఉన్న స్పెల్‌నే మూసగా తీసుకుని, ఏ క్లాసులకు కనిపించాలో టిక్కులు పెట్టి, పై లెవెల్ స్లాట్‌తో వేస్తే పెరిగే పాచికల్ని విడిగా ఎక్కించి, సేవ్ చేసి, తర్వాత షీటుకి వెళ్లి పాతదాన్ని తీసి దీన్ని పెట్టాలి. పై లెవెల్ లెక్క ఎక్కించడం మర్చిపోతే స్పెల్ పేజీలో వర్ణన అంతా సరిగ్గానే కనిపిస్తుంది, షీటు మీద పాచికలు మాత్రం పెరగవు. ఒక్క స్పెల్‌కి ఇంత తతంగం. క్లెరిక్, డ్రూయిడ్ తమ క్లాస్ జాబితా మొత్తంలోంచి రోజూ ఎంచుకుంటారు కాబట్టి వాళ్లకు నాలుగైదు చేస్తే సరిపోదు. అప్పటికే డబ్బు పెట్టి కొన్న పుస్తకంలోని స్పెల్స్‌ని మళ్లీ టైపు చేసుకోమనడం ఎవరికి మింగుడుపడుతుంది? చందాలు రద్దు చేస్తామన్న మాటలు జోరందుకున్నాయి. కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. పాత స్పెల్స్, ఐటెమ్స్ షీట్లలో యథాతథంగా ఉంటాయంది. రేస్ బదులు స్పీసీస్, ఇన్‌స్పిరేషన్ బదులు హీరోయిక్ ఇన్‌స్పిరేషన్ లాంటి పేర్ల మార్పులు మాత్రం ఉంచేసింది. వాటి గురించి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

అలా పాతవీ కొత్తవీ పక్కపక్కనే మిగిలాయి. పాతవాటికి 'లెగసీ' అన్న గుర్తు ఉంటుంది. ఇప్పటి పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే. రెండు పుస్తకాలూ అందుబాటులో ఉన్న ప్లేయర్‌కి ఒకే పేరుతో రెండు స్పెల్స్ కనిపిస్తాయి, తొందరలో ఏదో ఒకటి నొక్కుతాడు. క్లెరిక్ పాత క్యూర్ వూండ్స్‌తో, పాలడిన్ కొత్తదానితో ఆడుతున్నారని మూడో పోరాటంలో గానీ బయటపడదు. అలసట రూల్ ఇంకా తిరకాసు. పాతదానిలో మొదటి మెట్టుకి ఎబిలిటీ చెక్‌లకు డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవడం), రెండో మెట్టుకి వేగం సగం, అలా మెట్టుమెట్టుకీ ఒక్కో శిక్ష. కొత్తదానిలో మెట్టుకి డి20 (ఇరవై ముఖాల పాచిక) పరీక్షలన్నిటిలో 2 తగ్గుతుంది, వేగంలో 5 అడుగులు తగ్గుతుంది. రెంటిలోనూ ఆరో మెట్టు చావే. ఏది వాడుతున్నారో డీఎం ముందే చెప్పకపోతే ఎడారి ప్రయాణం మధ్యలో వాదన మొదలవుతుంది.

కాబట్టి సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలవకముందు కూర్చుని మాట్లాడుకునేటప్పుడే, 2014 నాటి పాత రూల్సా, 2024 రూల్సా తేల్చి క్యాంపెయిన్ పేజీ నోట్స్‌లో రాసిపెట్టండి. పాత రూల్స్ అయితే స్పెల్ ఎంచుకునేటప్పుడు లెగసీ గుర్తు చూసుకోమనండి. ఉచిత ఖాతాతో కొత్తగా వచ్చినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 2024 ఉచిత రూల్స్ సైట్‌లో అందరికీ తెరిచే ఉంటాయి కాబట్టి వాళ్ల పాత్ర తెలియకుండానే కొత్త రూల్స్‌తో తయారవుతుంది. సైటు పెద్ద మార్పు ప్రకటించిందంటే, ఆ రోజు రాకముందే ప్రతి పాత్రనీ పీడీఎఫ్‌గా దింపుకోండి. పీడీఎఫ్‌లో స్పెల్ వర్ణన మొత్తం రాదు కాబట్టి మారే అవకాశమున్న స్పెల్స్ పేజీలు విడిగా దాచుకోవాలి.

2024 వసంతంలో మార్కెట్‌ప్లేస్‌లో, అంటే సైటు దుకాణంలో, వచ్చిన మార్పు కథ వేరు. అప్పటిదాకా పుస్తకం మొత్తం కొనకుండా ఒక్క సబ్‌క్లాసో, ఒక్క రాక్షసుడో రెండు డాలర్లకో అంతకన్నా తక్కువకో విడిగా దొరికేది. దాన్ని తీసేశారు. పావుకిలో పప్పుకి వెళ్తే బస్తా అయితేనే ఇస్తామన్నట్టు. ముందు కొన్నవి కొన్నవాళ్లకే ఉన్నాయి, కొత్తగా మాత్రం విడివిడిగా లేవు. దీనిమీదా గగ్గోలు తక్కువేం కాలేదు, అయినా కంపెనీ అప్పుడు వెనక్కి తగ్గలేదు. నా లెక్కలో కారణం సులువే. స్పెల్స్ మార్పు నడుస్తున్న ఆటను, ఇప్పటికే చందా కడుతున్న డీఎంలను తాకింది. వాళ్లు వెళ్లిపోతే వాళ్ల బల్ల మొత్తం వెళ్లిపోతుంది. చిల్లర కొనుగోళ్ల మార్పు ఎక్కువగా తాకింది ఇంకా ఏమీ కొనని ప్లేయర్‌ని. అతను రద్దు చేసుకోవడానికి చందానే లేదు. 2023 జనవరిలో, ఈ ఆట రూల్స్‌తో ఇతరులు సొంత పుస్తకాలు వేసుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్ మార్పు ముసాయిదా బయటపడ్డప్పుడూ ఇదే చూశాం. అది సైటుకి సంబంధించిన మార్పు కాకపోయినా నిరసన చందా రద్దు బటన్ మీదే జరిగింది. ఆ నెల 27కల్లా కంపెనీ మార్పు మానుకుని, మూల రూల్స్ పత్రం 5.1ని క్రియేటివ్ కామన్స్‌లో పెట్టేసింది.

చిల్లర కొనుగోలు పోయాక మిగిలిన దారి కంటెంట్ షేరింగ్. క్యాంపెయిన్‌లో ఒక్కరికి మాస్టర్ టియర్ చందా ఉండి షేరింగ్ ఆన్ చేస్తే, సభ్యులు కొన్న పుస్తకాలు ఆ క్యాంపెయిన్‌లో అందరికీ తెరుచుకుంటాయి. అయిదుగురు తలా ఒక పుస్తకం కొంటే అయిదూ అందరివీ. పుస్తకం కొనేముందు అది ఇంకెవరి దగ్గరైనా ఉందేమో అడగడం మర్చిపోకండి. పాత్రను క్యాంపెయిన్‌లో చేర్చకుండా విడిగా చేసి 'నాకు కనిపించట్లేదు' అనేవాళ్లు ప్రతి బల్లకీ ఒకరుంటారు. క్యాంపెయిన్ ఆహ్వానం లింకు ద్వారా వచ్చి అక్కడే పాత్ర చేస్తే ఆ బెడద ఉండదు.

ఆన్‌లైన్‌లో బల్ల పరిచే బియాండ్ పనిముట్టు మ్యాప్స్ గురించి క్లుప్తంగా. 2023లో మాస్టర్ చందాదారులకు ఆల్ఫాగా వచ్చింది, 2025లో ఉచిత ఖాతాలకూ తెరిచారు. మ్యాప్, టోకెన్లు, ఫాగ్ (ఇంకా చూడని చోటును కప్పే పొర) ఇవి చాలనుకునేవాళ్లకు బాగుంటుంది. ఆర్భాటంగా వచ్చిన త్రీడీ పనిముట్టు సిజిల్ మాత్రం 2025లో విడుదలైన కొన్ని వారాలకే తన టీమ్‌లో ఎక్కువమందిని పోగొట్టుకుంది. దాన్ని నమ్మి క్యాంపెయిన్ కట్టుకోకండి.

డబ్బు లెక్క: ఉచిత ఖాతాకి ఆరు పాత్రలు. ఒక క్యాంపెయిన్ ఆడే ప్లేయర్‌కి అవి చాలు. హీరో టియర్ నెలకి 2.99 డాలర్లు, పాత్రలకు పరిమితి ఉండదు. ఒకేసారి చాలా బల్లల దగ్గర ఆడేవాళ్లకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. మాస్టర్ టియర్ 5.99, డీఎంకి విలువైనది ఇదొక్కటే. ఏడాదికి ఒకేసారి కడితే 54.99. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కట్టేవాళ్లకు ఏడాది చందానే నయం. మన కార్డుల మీద విదేశీ ఆటో డెబిట్‌కి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి నమోదై ఉండాలి. అది లేకపోతే నెలవారీ చెల్లింపు తిరస్కరణకి గురవుతుంది, సెషన్ రోజే షేరింగ్ ఆగిపోతుంది. బ్యాంకు వేసే ఫారెక్స్ రుసుము కూడా కలుపుకోండి.

పూర్తిగా వదిలి వెళ్దామనుకునేవాళ్లు ఎక్కువగా చూసేది ఫౌండ్రీని, అంటే సొంత కంప్యూటర్ నుంచి ఆన్‌లైన్ ఆట నడిపే సాఫ్ట్‌వేర్‌ని. లైసెన్స్ సుమారు 50 డాలర్లు, ఒక్కసారే, డీఎం ఒక్కరు కొంటే చాలు. డేటా మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి మీరు అప్‌డేట్ నొక్కేదాకా ఏదీ మారదు. అయితే ఇంటి నుంచి నడపాలంటే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేయాలి, అంటే బయటివాళ్లు మీ కంప్యూటర్‌ని చేరే దారి తెరవాలి. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు విడి పబ్లిక్ ఐపీ ఇవ్వరు, అందుకని అన్నీ సరిగ్గా పెట్టినా ప్లేయర్లు లోపలికి రాలేరు. స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోవడమో, టన్నెల్ వాడటమో, సర్వర్ అద్దెకు తీసుకోవడమో చేయాలి. రెండూ కావాలంటే బియాండ్20 అన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఉంది. షీటు బియాండ్‌లోనే ఉంచి, అందులో నొక్కిన పాచికల్ని ఫౌండ్రీకో, ఆ కోవదే అయిన రోల్20 సైటుకో పంపుతుంది. బియాండ్ పేజీ నిర్మాణం మారినప్పుడల్లా ఇది మొరాయించవచ్చు, కాబట్టి సెషన్‌కి ముందు ఒక పాచిక వేసి చూసుకోండి.