56(జె) ఉత్తర్వు మీద క్యాట్‌కి వెళ్తే: ఈ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

ఫీజు విషయంలో ఫిర్యాదుకు చోటే లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని ఎఫ్‌ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 56(జె) కింద గడువుకు ముందే రిటైర్ చేసి ఇంటికి పంపితే, సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ (క్యాట్)లో ఓఏ, అంటే ఒరిజినల్ అప్లికేషన్, వేయడానికి కట్టాల్సింది 50 రూపాయలు. పోస్టల్ ఆర్డర్ చాలు. వకీలు లేకుండా సొంతంగా వాదించుకునే హక్కూ ఉంది, కానీ ఈ రకం కేసులో ఆ పొదుపు వద్దు.

ఇది అందరికీ కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగులు తమ ట్రైబ్యునల్ పోయాక నేరుగా హైకోర్టులో రిట్ వేసుకోవాల్సిందే. సైనికులు, హైకోర్టు సిబ్బంది కూడా దీని పరిధిలోకి రారు. విచారణ జరిపి శిక్షగా ఇచ్చిన నిర్బంధ పదవీ విరమణ దారి వేరు: ముందు అప్పీలు, పైగా పెన్షన్ మూడింట రెండు వంతులకు తగ్గే ప్రమాదం ఉంది. 56(జె) చట్టం దృష్టిలో శిక్ష కాదు, పెన్షన్‌లో కోత ఉండదు. చేతికొచ్చిన కాగితం ఈ రెండింట్లో ఏదో తేల్చుకోకుండా వకీలు దగ్గరికి వెళ్తే మొదటి సిట్టింగ్ దానికే సరిపోతుంది.

ఒక మంచి సౌకర్యం గురించి చాలామందికి తెలియదు. ఢిల్లీలో పనిచేస్తుండగా ఉత్తర్వు వచ్చి, విశాఖలోనో వరంగల్‌లోనో స్థిరపడిన అధికారి హైదరాబాద్ బెంచ్‌లోనే వేసుకోవచ్చు. రిటైరైన వారికి నివాసం ఉన్న చోట దాఖలు చేసే వీలును నియమాలే ఇచ్చాయి.

ఎక్కువ కేసులు దెబ్బతినేది గడువుల దగ్గర. ఉత్తర్వు అందిన మూడు వారాల్లో రిప్రజెంటేషన్, అంటే దాన్ని మళ్లీ పరిశీలించమని డిపార్ట్‌మెంట్‌కి రాతపూర్వక విన్నపం, ఇవ్వాలి. అది ఇవ్వకుండా ట్రైబ్యునల్‌కి పరిగెత్తితే ‘ముందు డిపార్ట్‌మెంట్‌లో ఉన్న దారి వాడుకోలేదు’ అన్న అభ్యంతరం ఎదురవుతుంది. రిప్రజెంటేషన్ మీద తుది జవాబు వస్తే ఆ రోజు నుంచి ఏడాది లోపు ఓఏ వేయాలి. ఆరు నెలలు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే, ఆ ఆరు నెలలు ముగిసినప్పటి నుంచి ఏడాది. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతూ రాసిన ఉత్తరాలతో గడువు పెరగదని సుప్రీంకోర్టు 1989లోనే ఎస్.ఎస్. రాథోర్ కేసులో తేల్చింది.

దాఖలు పని కాస్త పాతకాలపు పద్ధతే. రెండు కట్టలు: మొదటిదాంట్లో ఓఏ, సవాలు చేస్తున్న ఉత్తర్వు, రెండోదాంట్లో మిగిలిన పత్రాలన్నీ, ఏ-1, ఏ-2 అంటూ నంబర్లు వేసి. పేజీ నంబర్లు తప్పినా, మసక జిరాక్స్ పెట్టినా స్క్రూటినీలో వెనక్కి వస్తుంది. ఫలానా అధికారి కక్షతో చేయించాడని రాస్తే అతన్ని పేరుతో ప్రతివాదిగా చేర్చాలి, లేకపోతే ఆ ఆరోపణను పట్టించుకోరు. స్టే మీద పెద్దగా ఆశ వద్దు. మూడు నెలల నోటీసుకు బదులు మూడు నెలల జీతభత్యాలు చేతిలో పెట్టి అదే రోజు రిలీవ్ చేస్తే ఆపడానికి మిగిలేదేమీ ఉండదు.

ఇక అసలు సరుకు. మీరు మంచి ఉద్యోగా కాదా అని ట్రైబ్యునల్ తూకం వేయదు. సుప్రీంకోర్టు 1992లో ఇచ్చిన బైకుంఠనాథ్ దాస్ తీర్పు ప్రకారం ఉత్తర్వు కొట్టేయడానికి మూడే దారులు: దురుద్దేశం, అసలు ఆధారమే లేకపోవడం, బుద్ధి ఉన్నవాడెవడూ ఆ రికార్డు చూసి ఆ నిర్ణయానికి రాలేడనిపించడం. ముందుగా నోటీసిచ్చి వివరణ అడగలేదన్న వాదన నిలవదు. మీకు తెలియజేయని ప్రతికూల వ్యాఖ్యలను లెక్కలోకి తీసుకున్నా, ఆ ఒక్క కారణంతో ఉత్తర్వు పోదు. ప్రమోషన్ వచ్చాక పాత మచ్చలు చెరిగిపోతాయన్న నమ్మకాన్నీ 2010లో ప్యారే మోహన్‌లాల్ కేసు గట్టిగానే కొట్టేసింది. వకీలు కావాలన్నది ఇందుకే: కన్నీళ్ల కథ పది పేజీలు రాసి, మిమ్మల్ని పంపాలని సిఫారసు చేసిన రివ్యూ కమిటీ మినిట్స్ (సమావేశ నమోదులు) అడగడం మరిచిపోయిన ఓఏలు గెలవవు. ఏపీఏఆర్‌లు (ఏటా రాసే పనితీరు నివేదికలు), మినిట్స్ ఆర్టీఐలో అడగండి. ఇవ్వకపోతే రికార్డు తెప్పించమని ట్రైబ్యునల్‌నే కోరండి.

చేతిలో ఉండాల్సిన కాగితం 2020 ఆగస్టు 28 నాటి డీవోపీటీ (కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం) ఉత్తర్వు. అసమర్థత కారణమైతే, ఏడాదిలో ఎలాగూ రిటైరయ్యేవారిని, గత అయిదేళ్ల పనితీరు సంతృప్తికరంగా ఉన్నవారిని మామూలుగా పంపకూడదంటుంది. నిజాయితీ మీద అనుమానం కారణమైతే మాత్రం ఈ రక్షణ లేదు. అందుకే డిపార్ట్‌మెంట్ జవాబులో ‘నిజాయితీ’ అన్న మాట ఎక్కడైనా ఉందేమో ముందుగా వెతకాలి.

వేగానికి మార్కులు వేయలేం. కెప్టెన్ ప్రమోద్ కుమార్ బజాజ్ ఐఆర్ఎస్ (ఇండియన్ రెవెన్యూ సర్వీస్) అధికారి. 2020 జనవరిలో రిటైర్ కావాల్సిన ఆయన్ని 2019 సెప్టెంబర్‌లో పంపేశారు. క్యాట్‌లో ఓడారు, హైకోర్టులో ఓడారు, 2023 మార్చిలో సుప్రీంకోర్టులో గెలిచారు. క్రమశిక్షణ చర్యలకు అడ్డదారిగా 56(జె) వాడారని కోర్టు తేల్చేసరికి ఆయన మామూలు రిటైర్మెంట్ తేదీ దాటి మూడేళ్లయింది. అలాంటప్పుడు కుర్చీ తిరిగి రాదు. కాబట్టి ఓఏలో అడిగే ఉపశమనాల్లో ఉద్యోగంలోకి తీసుకోవడంతో పాటు మధ్య కాలం జీతం, ఇంక్రిమెంట్లు, వాటి మీద పెన్షన్, గ్రాట్యుటీ తిరిగి లెక్కకట్టడం విడివిడిగా రాయించుకోండి.