నెల్లూరులో ప్రకృతి వాలంటీర్ ట్రైనింగ్: చేరొచ్చా వద్దా?

ఈ మధ్య కనపడినోళ్ళంతా ఇదే అడగతా ఉండారు, ఆ పక్షులూ తాబేళ్ళ వాలంటీర్ ట్రైనింగ్‌కి పొయ్యావంట గదా, ఎట్టుందబ్బా అని. సంస్థ పేరు రాయను. క్లాసులకి అయిదుకి రెండు మార్కులు, చెరువు మీద పక్షుల లెక్కకి నాలుగు, సముద్రం డ్యూటీకి మాత్రం కళ్ళు మూసుకోని అయిదుకి అయిదు.

క్లాసుల సంగతి తొందరగా కానిచ్చేస్తా. పదింటికని చెప్పి పదకొండున్నరకి మొదలు, ముందు వేదిక మీదోళ్ళకి శాలువాలు, తర్వాత మైకు పోవడం, ఆ తర్వాత 2002 నాటి జీవవైవిధ్య చట్టం, ప్రతి పంచాయతీకి ఒక కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేమా పశువూ పక్షీ అన్నీ రిజిస్టర్లో రాయాలి అని స్లైడు చూసి చదవడమే. విషయం మంచిదే, చెప్పిన తీరుకే నిద్రొచ్చింది. లేచి కూర్చున్నది ఒక్క చోటే, జెర్డాన్ దొర గురించి చెప్పినప్పుడు. 1840ల్లో మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేశాడంట, ఇక్కడి యానాదోళ్ళని అడిగి అడవి సంగతులు తెలుసుకున్నాడంట. కలివికోడిని ఇంగ్లీషులో పిలిచేది ఆయన పేరుతోనే. 1848లో బయటి లోకానికి తెలిసిన ఆ పిట్ట, 1900 తర్వాత ఎనభై ఏళ్ళకి పైగా ఎవరికీ కనపడక ఇక లేదనుకున్నాక, 1986లో మన పక్క కడప జిల్లా చిట్టడవిలో మళ్ళీ దొరికింది. ఈ సంగతి స్కూల్లో ఒక్క సారన్నా చెప్పుంటే ఎంత బాగుండు.

పక్షుల లెక్క స్వర్ణాల చెరువు మీద పెట్టారు. రొట్టెల పండక్కి తప్ప ఆ గట్టెక్కని వాళ్ళే మా బ్యాచ్‌లో సగం మంది. జనవరిలో చాలా ఆసియా దేశాల్లో నీటిపక్షుల్ని లెక్కపెడతారు, దానికి ప్రాక్టీసు అన్నమాట. గుంపుని ఒక్కొక్కటే లెక్కపెట్టబోతే అయ్యే పని కాదు, ముందు పది పిట్టలెంత జాగా ఆక్రమించాయో కంటికి అలవాటు చేసుకోని, ఆ జాగాని గుంపంతా జరుపుకుంటా పోవాలి. నీటికాకులు, నామాల కోళ్ళు, బుడుబుంగలు. బుడుబుంగతోనే తంటా, లెక్కలోకి తీసుకునేలోపు మునిగి ఇంకోచోట తేలతాది. గుర్రపుడెక్క కమ్మేసిన వైపు ఏముందో ఎవరికీ తెలీదు, అక్కడ చూడలేదని కాగితం మీద రాయమన్నారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. లెక్క మొత్తం ఈబర్డ్ అనే పక్షుల లెక్కల యాప్‌లో ఎక్కించాలి, ఫోన్ ఉంటే చాలు. బైనాక్యులర్లే ఇద్దరు ముగ్గురికి ఒకటి ఇచ్చారు, అందుకే ఒక మార్కు కోశా. నేలపట్టు పక్షుల కేంద్రానికి ట్రిప్ అని పాంప్లెట్‌లో వేశారు గానీ మా బ్యాచ్‌కి తీసకపోలేదు. 2022 నుంచి అది తిరుపతి జిల్లా, పర్మిషన్ లేటని చెప్పారు. అక్కడ కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టింది చూడాలంటే మీ బండి మీద మీరే పోండి.

ఇంక అసలు సంగతి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టేదానికి మన తీరానికి వస్తాయి. మైపాడు అవతల ఒక పట్టపుపాళెంలో, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లెలో, రాత్రి డ్యూటీ వేశారు. మాతో నడిచింది ఆ పాళెం పెద్దాయన, చేతిలో సన్న కర్ర, టార్చికి ఎర్ర కాగితం. తెల్ల లైటు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాదంట, ఫోన్లు తియ్యొద్దని ముందే చెప్పారు. నీళ్ళ కాడ్నించి ఇసక మీద ట్రాక్టర్ టైరు పోయినట్టు అచ్చు ఉండాది, పైకి ఒకటి, తిరిగి కిందకి ఒకటి. ఆ రెండూ కలిసే చోట ఆయన కర్రతో మెల్లగా పొడస్తా, గట్టిగా ఉన్నచోట వదిలేసి, ఒక్కచోట కర్ర సుళువుగా దిగేసరికి ఆగి "ఇదిగో సామీ, ఈడుండాయి" అన్నాడు. అక్కడ్నించి కర్ర పక్కన పడేసి చేత్తోనే తవ్వుడు. మూరెడు లోతులో గుడ్లు, పెంకు గట్టిగా ఉండదు, వేలు ఆనిస్తే సొట్ట పడతాది. ఒక్కో గుంటలో వందకి అటూఇటూ ఉంటాయి. ఎట్టున్న గుడ్డు అట్టే, తిప్పకుండా బకెట్లో సర్దాలి, తొందరగా హేచరీకి, అంటే గుడ్లు కాపాడే జాగాకి, చేర్చి అంతే లోతు గుంటలో పూడ్చాలి, లేకపోతే కుక్కలూ నక్కలూ ఉంచవు. పిల్లలు బయటికొచ్చేదానికి 45 నుంచి 60 రోజులు. ఇసక బాగా వేడెక్కితే ఎక్కువ ఆడవి, చల్లగుంటే మగవి పుడతాయంట, హేచరీ మీద నీడ పరదా ఎందుకు కట్టారో అప్పుడర్థమైంది.

చచ్చి కొట్టుకొచ్చినవి కూడా చూపిస్తారు, ముందే మనసు గట్టి చేసుకోండి. తాబేలుకి ఊపిరి కావాలంటే నీళ్ళ పైకి రావాల్సిందే, ట్రాలర్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేక చచ్చిపోతాది. అది బయటపడేదానికి వలలో ఒక దారి పెట్టే పరికరం ఉంది. "అది పెడితే చేప గూడా పోతాదని మావోళ్ళ భయం సామీ" అన్నాడు పెద్దాయన. తిట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు, పొద్దున క్లాసులో మాత్రం ఆ వైపు మాటే రాలేదు.

రీల్స్ కోసమైతే రావద్దు. వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు పులితో సమానం, షెడ్యూల్ ఒకటి, అటవీశాఖ అనుమతి ఉన్న టీమ్ పక్కన లేకుండా గుడ్డు ముట్టుకుంటే కేసే. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు కూడా ఆలోచించుకోండి, ఇసకలో కిలోమీటర్లు నడవాల. ఆడపిల్లలకి తిరుగు బండి సంస్థోళ్ళే పెట్టాలి, మా బ్యాచ్‌లో గట్టిగా అడిగితే గానీ పెట్టలా. చేరితే జనవరి బ్యాచ్‌లో చేరండి, జూన్ బ్యాచ్‌కి స్లైడులు తప్ప తాబేళ్ళు ఉండవు. సర్టిఫికెట్ ఆలస్యంగా వస్తాది, మా బ్యాచ్‌లో కొందరికి ఇంకా రాలేదు. ఫీజు కాదు డొనేషన్ అంటారు, రసీదు అడిగి తీసుకోండి.