వాన నీళ్ల సంపు: 2017 నుంచి వాడుతున్నాం, మా ఇంటి అనుభవం

హనుమకొండలో ఇల్లు కట్టుకున్నప్పుడు నల్లా నీళ్ల సంపు పక్కనే, స్లాబు మీద పడ్డ వాన నీళ్ల కోసం విడిగా ఇంకో సంపు కట్టించుకున్నాం. అది 2017 సంగతి. అప్పటి నుంచి ఏ ఏడూ ఆపకుండా వాడుతున్నాం. కట్టించుకోవచ్చా, డబ్బులు దండగా అని చుట్టాల్లో, కాలనీలో చాలామంది అడుగుతుంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా: కచ్చితంగా కట్టించుకోండి. కానీ వానాకాలంలో ఆ నీళ్లను చేయి ఆపకుండా వాడేవాళ్లకే దాని అసలు లాభం.

అదెలాగో లెక్క చెప్తాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా స్లాబు దాదాపు వెయ్యి చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల మామూలు వాన పడినా, ఆవిరైంది, స్లాబు పీల్చింది, చిట్లి బయటపడింది తీసేసినా ఏడు వందల లీటర్ల పైనే వస్తాయి. మన వరంగల్ వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ లెక్కన మా స్లాబు మీద ఏటా 70 వేల లీటర్లకు తక్కువ కాకుండా దొరకాలి. మా సంపు ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, ఆరు లోతు. పైన అర అడుగు వదిలితే పదివేల లీటర్లు పడతాయి. జులైలో నిండగానే మూత పెట్టి తాళం వేసి "ఎండాకాలానికి పనికొస్తాయి" అని కూర్చుంటే ఆ ఏడాదికి దక్కేది ఆ పదివేలే, మిగతా అరవై వేలు మోరీ పాలు. మేం జూన్ నుంచి సెప్టెంబరు దాకా స్నానాలకు, బట్టలకు, గిన్నెలకు, అన్నిటికీ ఆ నీళ్లే వాడతాం, సంపు ఖాళీ అవుతూ ఉంటుంది, మళ్లీ నిండుతూ ఉంటుంది. హస్త కార్తె వానలకు ఆఖరుసారి నిండాక మాత్రం వంటింటికి తప్ప ఎక్కడికీ వదలం. వంటకు, చాయ్‌కి కలిపి రోజుకు 40 లీటర్లు అనుకుంటే పదివేల లీటర్లు 250 రోజులు, అంటే అక్టోబరు మొదటి వారం నుంచి మళ్లీ మిరుగం (జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె) దాకా సరిగ్గా సరిపోతాయి. సంపు ఇంకా పెద్దది కట్టించాల్సింది అని మాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఇంతకీ నల్లా ఉండగా ఇదంతా ఎందుకంటే, నల్లా నీళ్లు తాగడానికి సరిపోతాయి, మిగతా పనులకు అందరిలాగే బోరు మీద పడాలి. మా బోరు నీళ్లు ఉప్పు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటర్ పెడితే వెయ్యి దాటుతుంది, సంపులోని వాన నీళ్లు యాభై అటూ ఇటూ చూపిస్తాయి. బోరు నీళ్లకు బకెట్ల అంచుల్లో తెల్లటి పొర, షవర్ రంధ్రాలు మూసుకుపోవడం, గీజర్ కాయిల్ మాటిమాటికీ మార్చడం, ఇవన్నీ తెలిసినవే. అయితే మా ఇంట్లో అసలు తేడా తెలిసింది కందిపప్పుతో. సున్నం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో పప్పు గింజ మెత్తబడదు, కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ వచ్చినా నడుమ గట్టిగానే ఉంటుంది. వాన నీళ్లు పోస్తే అదే పప్పు వెన్నలా అయిపోతుంది. మా అత్తమ్మకు ఇది కొత్త కాదు. "మా ఊళ్లె బాయి నీళ్లకు పప్పు ఉడకకపోయేది బిడ్డా, వాన పడ్డదంటే గంజులన్నీ సూరు కింద పెట్టేటోళ్లం" అని ఆమే చెప్పింది. సంపు కట్టిద్దామని ఇంట్లో గట్టిగా పట్టుబట్టింది కూడా ఆమే.

ఇక మొత్తం ఏర్పాటులో ప్రాణం ఏదంటే, మొదటి నీళ్లను సంపులోకి రాకుండా బయటికి పంపే డ్రమ్ము. ఫిల్టర్ కన్నా దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఫిబ్రవరి నుంచి స్లాబు మీద ఏముంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి: పావురాల రెట్ట, వేప పూత, రోడ్డు దుమ్ము, కోతుల మలం, ఎండబెట్టిన మిరపకాయల గింజలు, వడియాల పొట్టు. మొదటి వాన నీళ్లు ఒక సీసాలో పట్టి చూస్తే డికాక్షన్ రంగులో ఉంటాయి, అడుగున వేలెడు మడ్డి దిగుతుంది. అదే వానలో పావుగంట పోయాక ఇంకో సీసా పట్టి పక్కన పెడితే, రెండూ ఒకే పైపులోంచి వచ్చాయంటే ఎవరూ నమ్మరు. చాలామంది ప్లంబర్లు దీనికి ఒక నాలుగు అంగుళాల పైపు ముక్క నిలబెట్టి కింద క్యాప్ పెట్టేస్తారు. ఆ పైపు మీటరుకు ఎనిమిది లీటర్లే పడుతుంది, పది అడుగులు నిలబెట్టినా పాతిక లీటర్లు దాటవు. వెయ్యి చదరపు అడుగుల స్లాబుకు మొదటి రెండు మిల్లీమీటర్లు వదలాలంటే 180 లీటర్లు పోవాలి. అందుకే మేం 200 లీటర్ల నీలం డ్రమ్ము పెట్టించాం. అది నిండాకే నీళ్లు పైకి ఎక్కి, T ఆకారపు పైపు జాయింటు లోంచి సంపు వైపు మళ్లుతాయి. డ్రమ్ము అడుగున ఉన్న నల్లాను సన్నటి ధారగా కారేలా వదిలేస్తే మర్నాటికి ఖాళీ అయి తర్వాతి వానకు సిద్ధంగా ఉంటుంది, ఆ నీళ్లు చెట్లకు పోతాయి.

ఫిల్టర్ విషయంలో మాత్రం మాకు డబ్బు పోయింది. రెడీమేడ్ ఫిల్టర్ అని ఒకటి తెచ్చి బిగించారు, చిన్న వానకు బాగానే పనిచేసింది, గట్టి వాన కొట్టగానే లోపలి సన్న జాలి ఆకులతో మూసుకుపోయి నీళ్లన్నీ పైనుంచి పొంగి వాకిట్లో పడ్డాయి. అమ్మినవాళ్లు కడుక్కుంటూ ఉండాలి అన్నారు, కుండపోత వానలో ఎవరు కడుగుతారు? తీసేసి చిన్న సిమెంటు తొట్టి కట్టించి, కింద పెద్ద కంకర, మీద 20 ఎంఎం కంకర, ఆ పైన దొడ్డు ఇసుక, మధ్యమధ్య నైలాన్ జాలి వేయించాం. ఏటా ఏప్రిల్‌లో ఇసుక, కంకర బయటికి తీసి కడిగి ఎండబెట్టి మళ్లీ వేస్తాం, ఒక పూట పని.

కోతుల సంగతి మన వైపు ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. స్లాబు నుంచి దిగే పీవీసీ పైపు పట్టుకుని ఊగి ఎల్బోలు ఊడదీస్తాయి, రంధ్రాల మీద పెట్టిన జాలీలు పీకి పారేస్తాయి. "అక్కా, సొల్యూషన్‌తోని ఆగదు, జీఐ క్లాంపులు కొట్టాలె" అన్నాడు మా ప్లంబర్. మూడడుగులకో క్లాంపు, రంధ్రాలకు స్క్రూలతో బిగించిన ఇనుప జాలి, సంపుకు తాళం పడే ఇనుప మూత. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

2023 జులై వానలు గుర్తున్నాయి కదా, ములుగు దగ్గర లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడ్డప్పుడు. మన హనుమకొండ, వరంగల్ కాలనీల్లో కూడా నీళ్లు నిలిచాయి, భద్రకాళి చెరువు కట్ట తెగింది. మా వీధిలో మోకాళ్ల దాకా మురికి నీళ్లు వచ్చాయి. నేల మట్టానికి మూత ఉన్న సంపులన్నిట్లోకి డ్రైనేజీ నీళ్లు దిగాయి. మా సంపు గోడను మేస్త్రీ నేల మీద అడుగున్నర పైకి లేపి కట్టాడు, దానివల్ల బతికిపోయింది. ఆ నాలుగు రోజులు పక్కింటి వాళ్లకు, ఎదురింటి వాళ్లకు వంట నీళ్లు మా సంపు నుంచే ఇచ్చాం.

సంపు నిండిపోయాక వచ్చే నీళ్లు ఇంకుడు గుంతలోకి పోయేలా పైపు పెట్టాం. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి మత్తడి పోస్తే (నిండి పొంగి పారితే) కింది చెరువు నిండినట్టే. గుంత బోరుకు దగ్గర్లోనే ఉంది, ఏప్రిల్, మే నెలల్లో బోరు ఇంతకుముందులా గాలి కొట్టడం లేదు.

శుభ్రత గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. చూడ్డానికి తేటగా ఉన్నాయని పచ్చి నీళ్లు తాగొద్దు. పక్షి రెట్టలోని క్రిములు కంకరకు, ఇసుకకు ఆగవు. మేం తాగాల్సి వస్తే బాగా మసలనిచ్చి చల్లార్చుకుని తాగుతాం. ఆఖరుసారి నిండినప్పుడు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, సున్నం కిందికి దిగాక పైతేట మాత్రమే సంపులో పోసి గంట సేపు ముట్టుకోం. వెలుతురు లోపలికి పోకపోతే పాచి పట్టదు. డెంగీ దోమ మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో దోమై ఎగురుతుంది, కాబట్టి డ్రమ్ముకు, మత్తడి పైపు మూతికి దోమ జాలి లేకుండా ఒక్క రోజు కూడా ఉంచొద్దు.

ఆస్‌బెస్టాస్ రేకుల ఇల్లయితే వంటకు, తాగడానికి ఈ నీళ్లు వద్దు, బట్టలకు, మొక్కలకు వాడుకోండి. స్లాబుకు లీకేజీ పెయింట్ వేయించినవాళ్లు కూడా అది తాగే నీటికి పనికొచ్చే రకమేనా అని డబ్బా మీద చూసుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు పైపు కింద మూతున్న డ్రమ్ములు రెండు పెట్టుకున్నా వానాకాలమంతా బట్టల సబ్బు సగం మిగులుతుంది.

కట్టించాలనుకునేవాళ్లు మార్చిలోనే మేస్త్రీతో మాట్లాడుకోండి. మిరుగం దగ్గర పడ్డాక ఎవరూ దొరకరు, పైగా కొత్త సిమెంటు సంపుకు క్యూరింగ్ (గట్టిపడేదాకా తడి ఆరకుండా ఉంచడం) కావాలి. మొదట ఒకటి రెండుసార్లు నింపిన నీళ్లు సున్నం వాసన వస్తాయి, వాటిని మొక్కలకు కూడా కాకుండా గోడలు కడగడానికి వాడి పారబోయండి.