బరంపురం ఠాకురాణి యాత్ర: ఒక రోజు, ఒక రాత్రి

ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురం చూడాలనుకునే తెలుగువాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర జరిగే చైత్రమాసం చూసుకుని రండి, వచ్చాక పాత ఊళ్లోనే గడపండి. గోపాలపూర్ సముద్రం, తారాతారిణి కొండ, పట్టుచీరల కొనుగోలు, యాత్ర అన్నీ ఒకే రోజులో చుట్టేద్దామనుకుంటే దేన్నీ సరిగ్గా చూడలేరు.

నేను హనుమకొండ నుంచి ఒక సెమిస్టర్ కోసం ఎక్స్ఛేంజ్ మీద ఇక్కడి కాలేజీకి వచ్చాను. సరిగ్గా ఆ సెమిస్టర్‌లోనే యాత్ర పడింది. మా మేడారం జాతరలాగే ఇది కూడా రెండేళ్లకోసారి వస్తుంది. కాకపోతే మేడారంలో అడవిలోకి జనం వెళ్తారు. ఇక్కడ అమ్మవారే ఊరి నడిబొడ్డుకు వస్తుంది, వారాల తరబడి ఉంటుంది. అందుకే ఒక్క రోజు మాత్రమే ఖాళీ ఉన్నవాళ్లకు కూడా ఏదో ఒక సాయంత్రం దొరుకుతుంది.

అమ్మవారి పేరు బుఢీ ఠాకురాణి. యాత్ర రోజుల్లో ఆమె దేశిబెహరా వీధిలో వేసిన పందిరి గుడిలో ఉంటుంది. దేశిబెహరా అంటే దేరాల కులపెద్ద. దేరాలు పట్టు నేసేవాళ్లు, ఇళ్లలో మాట్లాడేది తెలుగే. ఈ ప్రాంతాన్ని ఏలిన మహురి రాజులు పట్టు నేయించుకోవడానికి తమ పెద్దల్ని రాజమండ్రి వైపు నుంచి పిలిపించారని వాళ్లు చెప్పుకుంటారు. అమ్మవారు వాళ్ల ఇంటి ఆడపడుచు, కులపెద్దది తండ్రి స్థానం. రెండేళ్లకోసారి కూతురు పుట్టింటికి వస్తుందన్నమాట. ఇది తెలుసుకుని వెళ్తే ఆ వీధిలో కనిపించే హడావుడికి అర్థం తెలుస్తుంది. పెళ్లయిన ఆడపిల్ల వచ్చిన ఇంట్లో ఉండే సందడే అది.

నా క్లాస్‌మేట్ వాళ్లది బడబజార్ దగ్గర్లో ఉండే తెలుగు కుటుంబం. మధ్యాహ్నానికి వాళ్లింటికి చేరుకున్నాను. ఆ ఎండలోనే వీధులన్నీ తిరిగొద్దామని లేవబోతే వాళ్ల మామ్మగారు ఆపేశారు. "ఏటమ్మా, ఇంత ఎండలో ఎక్కడికెల్తావు? అన్నం తినీసి కూర్చో. ఘటం సాయంత్రం కదుల్తాది" అన్నారు. ఘటం అంటే అమ్మవారి కలశం. ఆవిడ మాట వినండి. ఏప్రిల్ ఎండలో ఇక్కడి సముద్రపు గాలి చెమటను ఆరనివ్వదు. నాలుగు దాటాకే బయటికి అడుగు పెట్టాలి.

నాలుగు దాటాక మాత్రం ఆలస్యం చేయొద్దు. ఘటాల ఊరేగింపు కంటే ముందు చూడాల్సింది వేషాలు కట్టడం. కోరిక తీరితే వేషం వేస్తామని అమ్మవారికి మొక్కుకుంటారు. తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పసిపిల్లలకు కృష్ణుడి వేషం వేస్తారు, పెద్దవాళ్లు కాళికగానో హనుమంతుడిగానో తయారవుతారు. వీటన్నిటిలో గంజాం జిల్లావాళ్లకు ప్రాణం పులివేషం. ఒక ఇంటి అరుగు మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడికి రంగు వేస్తుంటే చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ముందు ఒళ్లంతా పసుపు రంగు పూశారు. అది ఆరేదాకా అతను చేతులు ఒంటికి తగలకుండా చాచి, రెండు కర్రల మీద ఆనించుకుని నిలబడ్డాడు. పక్కన చిన్న తమ్ముడు అట్టముక్కతో విసురుతున్నాడు. ఆ తర్వాత ఒక పెద్దాయన సన్నటి కుంచెతో వెన్నెముక దగ్గర మొదలుపెట్టి పక్కటెముకల మీదుగా నల్లచారలు దింపుకుంటూ వచ్చాడు. చక్కిలిగింత పుట్టి కుర్రాడు కదిలితే ఆయన ఆగి, చార మళ్లీ సరిచేసేవాడు. చివరికి తోక కట్టి, డప్పు మొదలవగానే అదే కుర్రాడు వంగి, తల ఒక పక్కకు వాల్చి నాలుగడుగులు వేశాడు. ముందు వరసలో ఉన్న పిల్లలు నిజంగానే వెనక్కి జరిగారు. ఫొటో తీసుకోవచ్చా అని అడిగితే ఎవరూ కాదనలేదు. కానీ అడగాలి. అది మొక్కు, ప్రదర్శన కాదు.

చీకటి పడ్డాక ఘటాలు కదులుతాయి. ఆడవాళ్లు వాటిని తల మీద పెట్టుకుని వీధివీధికీ వస్తారు. మాకు బోనాల పండుగలో ఘటం ఊరేగింపు తెలుసు కాబట్టి ఎక్కడ చేతులు జోడించాలో, ఎక్కడ దారి వదలాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వీధి ఇరుకు, జనం ఎక్కువ. తోపులాట లేకుండా చూడాలంటే పందిరి గుడి ముందు నిలబడకండి. ఊరేగింపు వచ్చే దారిలో ఏదైనా ఇంటి అరుగు ఎక్కండి. అడిగితే ఇక్కడివాళ్లు కాదనరు. తెలుగులో అడిగితే మంచినీళ్లు కూడా ఇస్తారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, వి.వి. గిరి గారు పుట్టింది కూడా ఇక్కడే. పాత బజారులో షాపుల వాళ్లు మన మాట వినగానే ఒడియాలోంచి తెలుగులోకి మారిపోతారు.

యాత్ర రోజుల్లో చాలా వీధుల్లో రథాలు నిలబెడతారు. లాగే రథాలు కావు, పురాణ కథల బొమ్మలతో అలంకరించినవి. దీపాలు బాగుంటాయి గానీ రెండు మూడు చూశాక అన్నీ ఒకేలా అనిపించాయి. సమయం తక్కువుంటే వీటిని వదిలేసి వేషాల వెంట వెళ్లండి.

తిండికి లోటు లేదు. పొద్దున టిఫిన్ బండి దగ్గర వేడివేడి బరా, గుగుని తినాలి. బరా అంటే మన గారెలే. గుగుని అంటే బఠాణీలతో చేసే కూర, వాటికి బాగా కుదురుతుంది. ఎండకి మారేడు పానకం తాగండి, ఇక్కడ బేల పణా అంటారు. ఇంటికి తీసుకెళ్లడానికి బరంపురం అప్పడాలు, పచ్చళ్లు బజారులో ఎక్కడైనా దొరుకుతాయి. జాతర వీధుల్లో రాత్రి అమ్మే చాట్, ఐస్ జోలికి మాత్రం నేను వెళ్లలేదు. ఆ దుమ్ములో మూత లేని గిన్నెలు చూస్తే ధైర్యం చాల్లేదు.

ఇక సౌకర్యాల సంగతి. సాయంత్రమయ్యాక పాత ఊళ్లోకి ఆటోలు రావు, దూరంగానే దింపేస్తాయి. తిరుగు ప్రయాణానికి ఇష్టమొచ్చిన రేటు చెప్తారు. ఎక్కకముందే మాట్లాడుకోండి, లేదా మెయిన్ రోడ్డు దాకా నడిచి షేర్ ఆటో ఎక్కండి. అసలు ఇబ్బంది టాయిలెట్లది. అంతమంది ఆడవాళ్లు గంటల తరబడి వీధిలో ఉండే పండుగలో నాకు వాడదగ్గ టాయిలెట్ ఒక్కటీ కనిపించలేదు. ఆడవాళ్లే ఘటాలు మోసే ఊళ్లో వాళ్ల అవసరం ఇంతగా మరిచిపోవడం నాకు చాలా బాధ కలిగించింది. తెలిసినవాళ్ల ఇల్లు దగ్గర్లో లేకపోతే ముందే చూసుకుని బయల్దేరండి.

బసకి రైల్వేస్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలు, హోటళ్లు చాలానే ఉన్నాయి. యాత్ర చూడటానికి వచ్చిన మా అక్క, బావ అలాంటి ఒకదాంట్లో ఆన్‌లైన్‌లో రూమ్ బుక్ చేసుకుంటే, కౌంటర్ దగ్గరికి వెళ్లాక జాతర రేటంటూ పైన ఇంకా అడిగారు. రాత్రి పూట చిన్న బాబుతో వేరే చోటు వెతకలేక ఇచ్చేశారు. బుక్ చేసిన వెంటనే ఫోన్ చేసి రేటు ఖాయం చేసుకుని, ఆ మెసేజ్ దాచుకోండి. గోపాలపూర్‌లో ఒడిశా టూరిజం వాళ్ల పంథనివాస్ ఉంది, ఖరీదైన రిసార్టులూ ఉన్నాయి. అక్కడ దిగితే సముద్రం ఎదురుగా ఉంటుంది నిజమే. కానీ పదహారు కిలోమీటర్ల దూరం, అర్ధరాత్రి జాతర నుంచి తిరిగి వెళ్లడం టెన్షన్. యాత్ర కోసం వస్తే ఊళ్లోనే దిగండి.

గోపాలపూర్‌ని మర్నాడు పొద్దున పెట్టుకోండి. లైట్‌హౌస్, సముద్రంలో మిగిలిన పాత జెట్టీ స్తంభాలు చూడొచ్చు. పడవల దగ్గర ఉండే నోళియాలు, అంటే చేపలు పట్టేవాళ్లు, కూడా తెలుగువాళ్లే. 2013లో ఫైలిన్ తుఫాను ఈ తీరానికి దగ్గర్లోనే ఒడ్డు దాటింది, ఆ రాత్రి గురించి అడిగితే వాళ్లు కూర్చోబెట్టి చెప్తారు. తారాతారిణికి మాత్రం చైత్ర మంగళవారాల్లో వెళ్లొద్దు. పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చే జనంతో కొండ నిండిపోతుంది. మొక్కు ఉంటే తప్పదు, చూడటానికైతే వేరే రోజు మంచిది.

చీర కొనేవాళ్లు అంచు చూసి కొనండి. బరంపురం పట్టుకు అంచులో గుడి శిఖరాల్లాంటి వరస ఉంటుంది, దాన్నే ఫోడా కుంభ అంటారు. దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. మగవాళ్లు కట్టుకునే జోడా కూడా ఇదే నేత. షాపుకి వెళ్లేముందు నేతవీధిలో ఒక మగ్గం దగ్గర కాసేపు కూర్చోండి. మామ్మగారు నన్ను అలాగే తీసుకెళ్లారు. అసలు పోగు ఏదో, పవర్‌లూమ్ నకలు ఏదో వేళ్లతో పట్టుకుని చూపించింది అక్కడి నేతాయనే. మా అమ్మకి చీర అక్కడే చెప్పాను. నేత పూర్తవడానికి వారాలు పడుతుందన్నారు, సెమిస్టర్ అయిపోయేలోపు అందుకుంటాను.