క్యూ ఆర్కైవ్స్‌లో హాంకాంగ్ ఫైళ్లు: ఎంతవరకు పనికొస్తాయి?

హాంకాంగ్ అప్పగింతపై 1982–84లో బ్రిటన్, చైనాల మధ్య సాగిన బేరసారాలను అసలు కాగితాల్లో చదవాలంటే లండన్‌లో క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌కే వెళ్లాలి. కేటలాగ్‌లో వెతకడం ఉచితం. కానీ ఊరికే ‘హాంకాంగ్’ అని కొడితే ఫలితాలు కుప్పలుగా వచ్చిపడతాయి. ప్రధాని కార్యాలయం ఫైళ్లకు ప్రెమ్ 19, విదేశాంగ శాఖలోని హాంకాంగ్ విభాగానికి ఎఫ్‌సీవో 40 అని వరుస ఎంచుకుని, ఏడాది కూడా ఇవ్వండి.

1982 సెప్టెంబరు 24న బ్రిటన్ ప్రధాని థాచర్, చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ భేటీతో మొదలుపెట్టడం మేలు. సార్వభౌమాధికారం వదులుకున్నా పాలన తన చేతిలోనే ఉంచుకోవాలని బ్రిటన్ చూసింది. చైనా ససేమిరా అంది. 1983 జులై నుంచి 22 విడతల చర్చల్లో బ్రిటన్ ఎక్కడ మెత్తబడిందో పట్టుకోవడమే అసలు చదువు. ఆ చర్చల ఫలితంగా 1984 డిసెంబరు 19న సంతకాలైన బ్రిటన్–చైనా ఉమ్మడి ప్రకటనను చదివేటప్పుడు పక్కనే పెట్టుకోండి. అసలు సరుకంతా అనుబంధాల్లోనే ఉంది: మూడోది కొత్త భూముల లీజును ఏడాదికి 50 హెక్టార్లకు కట్టడి చేసింది.

లోపాలు? ఇది ఒకవైపు కథే, బీజింగ్ కాగితాలు ఇక్కడ దొరకవు. కొన్ని పేజీలను ప్రభుత్వం తన దగ్గరే అట్టిపెట్టుకుంది, వాటి చోట చీటీ మాత్రమే ఉంటుంది.

అసలు పత్రాలు చూడాలంటే రీడర్ టికెట్ తప్పనిసరి. గుర్తింపు, చిరునామాలకు వేర్వేరు రుజువులు తీసుకెళ్లండి. లోపలికి పెన్ను రానివ్వరు, పెన్సిలే. ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు, దానికి రుసుము లేదు. అంత దూరం వెళ్లలేనివారికి థాచర్ ఫౌండేషన్ సైట్‌లో ఎంపిక చేసిన పత్రాలు ఉచితంగా ఉన్నాయి.