పదివేల బేస్‌బాల్ కార్డులకు 124 రూపాయలు: హనుమకొండలోని ఒక పాత సామాన్ల దుకాణం గురించి

న్యూజెర్సీలో ఉద్యోగం ముగించుకొని కాజీపేటకు తిరిగి వచ్చిన మా బావమరిది, రెండు అట్టపెట్టెల నిండా సుమారు పదివేల బేస్‌బాల్ కార్డులు (ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేసిన చిన్న అట్టముక్కలు) తెచ్చి మా మేడమీది గదిలో దించాడు. "బావా, అవి పాతవి, ఎప్పటికైనా ధర పలుకుతాయి" అన్న అతని మాట మీద అవి మూడేండ్లు అక్కడే ఉన్నాయి. గత నెలలో గది ఖాళీ చేయవలసి రావడంతో వాటిని హనుమకొండలోని ఒక పాత సామాన్ల దుకాణంలో వేశాము.

పాతవన్న మాట నిజమే. 1952లో టాప్స్ కంపెనీ వేసిన, మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. ఆనాటి పిల్లలు ఆడుకొని, నలిపి, పారేయగా మంచి స్థితిలో మిగిలినవి కొన్నే కావడం దానికి ఒక కారణం. పాత కార్డులు ధర పలుకుతాయన్న ఆశతో 1980ల చివర్లో అమెరికన్లు కార్డులను దాచడం మొదలుపెట్టగా, కంపెనీలు అంతకంతకూ ఎక్కువ ముద్రించాయి. అందరూ దాచిన వస్తువుకు ధర ఎక్కడిది? మా పెట్టెల్లో ఉన్నది ఆ కాలపు సరుకే. కర్ర పలక వంటి అంచులున్న 1987 టాప్స్ వరుసలో ఉండేవి 792 కార్డులు కాగా, మా దగ్గర కొందరు ఆటగాళ్లు ఏడెనిమిది సార్లు కనిపించారు. 1989లో అప్పర్ డెక్ అనే మరో కంపెనీ వేసిన వరుసలో మొదటి నంబరు కార్డు, కెన్ గ్రిఫీ జూనియర్‌ది, దొరుకుతుందేమోనని మూడు సాయంత్రాలు వెతికాము, దొరకలేదు. అమెరికాలో మామూలు కార్డులను వేల లెక్కన కొనేవారున్నా, ఇక్కడి నుంచి పంపే ఖర్చు కూడా తిరిగి రాదు.

దుకాణదారు మర్యాదస్తుడు. ఎలక్ట్రానిక్ కాంటా అంకెలను మా వైపు తిప్పి పెట్టాడు. 19 కిలోలు తూగింది, ఇంట్లో మేము చూసుకున్నదీ అంతే. కార్డును గోటితో గీకి, నిగనిగలాడే పూత ఉన్నవాటిని వేరు చేయించి, ఆ పూత గుజ్జులో సరిగా కరగదు కనుక వాటికి కిలోకు 4 రూపాయలు, మామూలు అట్టకు 8 రూపాయలు అన్నాడు. ఆ మాట న్యాయంగానే ఉంది. అయితే పెట్టెల బరువని 2 కిలోలు తీసివేయడం మాత్రం నాకు నచ్చలేదు. పెట్టెలూ అట్టవే, అవీ అతని గోదాంలోకే పోయాయి. అడిగితే నవ్వి ఊరుకున్నాడు. 14 కిలోలకు 112, 3 కిలోలకు 12, మొత్తం 124 రూపాయలు చేతికి వచ్చాయి. ఆటోకు 90 పోయాయి.

వేయకముందు ఒక ఐదువందల కార్డులు తీసి, మా పక్కింటి లెక్కల టీచరుగారికి ఇచ్చాము. కార్డు వెనుక ఆటగాడి ఏటేటి అంకెలుంటాయి. 500 సార్లు బ్యాటింగ్‌కు దిగి 150 హిట్లు కొడితే సగటు 0.300 అని పిల్లలు దశాంశాలు అభ్యసించడానికి అవి చక్కగా పనికివస్తున్నాయట. బిగ్‌ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు కూడబెట్టిన తరం వారికి ఈ సరదా వేరే చెప్పనక్కరలేదు.

ఆ దుకాణానికి వెళ్లేవారు ప్లాస్టిక్ తొడుగులను ఇంట్లోనే తీసివేసి, గోనెసంచిలో పోసుకొని, ఉదయం 10 గంటలలోపు వెళ్లడం మంచిది; ఆ తరువాత లారీ లోడింగ్ మొదలై కాంటా దగ్గర నిలబడే చోటు కూడా ఉండదు.